పొద్దున మూత తీస్తే ‘బుస్’మంటోందంటే

ప్రశ్న: అన్నా, నమస్కారం. మాది చిత్తూరు పక్కన పల్లె. నాకు 2014 మోడల్ డీజిల్ పికప్ ఉంది, 2 లక్షల 10 వేల కిలోమీటర్లు తిరిగింది. చిత్తూరు నుంచి పలమనేరుకు పశువుల దాణా బస్తాలు తోలి, వచ్చేటప్పుడు టమాటా బాక్సులు వేసుకొస్తా. మూడు నెలలుగా మొగిలి ఘాట్ ఎక్కుతుంటే టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దగ్గరికి పోతోంది. చదును రోడ్డు రాగానే దిగుతుంది. రెండు రోజులకోసారి లీటరు నీళ్ళు పోయాల్సి వస్తోంది. బండి కింద చుక్క కనిపించదు, ఇంజనాయిల్ తెల్లబడలేదు. రేడియేటర్ క్లీన్ చేయించాను, వాటర్ పంపు మార్చాను, థర్మోస్టాట్ వాల్వ్ తీసి పారేయించాను. అది తీసినాక ఇంకా ఎక్కువైంది. పొద్దున స్టార్ట్ చేస్తే కాసేపు తెల్ల పొగ వస్తుంది. ఇంకొకటి, రాత్రంతా నిలబెట్టిన బండికి పొద్దున నీళ్ళు చూద్దామని రేడియేటర్ మూత తీస్తే ‘బుస్’మంటుంది. ఒక షెడ్డులో హెడ్ గ్యాస్కెట్ అన్నారు. ఇంకో షెడ్డులో ఇంజనంతా విప్పి ఫుల్లుగా చేయాలి, లేకుంటే అమ్మేసుకో అన్నారు. ఎవరి మాట వినాలి? ఒకటే టెన్షన్‌గా ఉంది.
— ఒక పాఠకుడు, చిత్తూరు

సమాధానం: మీరు అన్నా అన్నారు, నేనూ అన్నా అనే అంటాను. మన వైపు వయసు లెక్కేసుకుని పిలుచుకునే అలవాటు ఎటూ లేదు గదా.

మీ ఉత్తరం రెండుసార్లు చదివానన్నా. పంపు, రేడియేటర్, వాల్వ్ అని మీరు వరసగా రాసిందంతా ఒక ఎత్తు, చివర్లో ‘ఇంకొకటి’ అని చేర్చిన ఆ ఒక్క మాట ఒక ఎత్తు. రెండు షెడ్లలోనూ ఆ మాట చెప్పారో లేదో తెలియదుగానీ, నన్నడిగితే బండి తన రోగం ఏమిటో ఆ ‘బుస్’తోనే చెప్పేసింది. ఇక మిగిలింది ఖాయం చేసుకోవడమే. ఖాయం చేసుకోకుండా మాత్రం ఒక్క బోల్టు కూడా విప్పనివ్వకండి.

ఎందుకంత నమ్మకమంటే, రేడియేటర్ మూతను ఒకసారి తిరగేసి చూడండి. అందులో రెండు వాల్వులుంటాయి. స్ప్రింగు కింద ఉండే పెద్దది, లోపల ఒత్తిడి హద్దు దాటితే వేడి నీళ్ళను పక్కనున్న బాటిల్లోకి వదులుతుంది. నడిమధ్యలో ఉండే చిన్న బిళ్ళ, ఇంజన్ చల్లారి లోపల నీళ్ళు కుంచించుకున్నప్పుడు బాటిల్లోంచి తిరిగి పీల్చుకుంటుంది. అంటే రాత్రంతా ఆగిన బండికి పొద్దున లోపల ఒత్తిడి మిగలకూడదు. మూత తీస్తే చప్పుడు లేకుండా రావాలి. ఆవిరి ఒత్తిడి అయితే రాత్రికి రాత్రే చల్లబడి నీళ్ళైపోతుంది. తెల్లారేదాకా నిలిచిందంటే అది ఆవిరి కాదు, గ్యాస్. రేడియేటర్లోకి గ్యాస్ ఇంత ఒత్తిడితో వచ్చే చోటు ఇంజన్ మొత్తంలో ముఖ్యంగా ఒకటే, డీజిల్ మండే సిలిండర్.

ఇక్కడ ఒక చిన్న మెలిక ఉంది. ‘బుస్’ బయటికా, లోపలికా? బాటిల్‌కు పోయే సన్న పైపు మూసుకుపోయినా, మూత నడిమి బిళ్ళ అతుక్కుపోయినా, చల్లారిన ఇంజన్ పీల్చుకోవడానికి నీళ్ళు దొరక్క లోపల ఖాళీ ఏర్పడుతుంది. అప్పుడు మూత తీసినా ‘బుస్’మంటుంది, కానీ గాలి లోపలికి పోతుంది. తేడా కనుక్కోవడం కష్టమేం కాదు. మూత తీయకముందు రేడియేటర్ పై హోస్ పైపును చూడండి. అణిగి లోపలికి నొక్కుకుపోయి ఉంటే పీల్పు, మూత మార్చి సన్న పైపు ఊదితే చాలు. పైపు ఉబ్బి గట్టిగా ఉంటే బయటికి తోసే గ్యాస్. మీ తెల్ల పొగను చూస్తే ఇది రెండోదే అనిపిస్తోంది, అయినా రేపు పొద్దున చూసి నిర్ధారించుకోండి.

గ్యాస్ ఎందుకొస్తుందో కొంచెం చెప్పాలి, లేకపోతే షెడ్డులో ఎవరేం చెప్పినా తల ఊపాల్సి వస్తుంది. డీజిల్ ఇంజన్‌కు స్పార్క్ ప్లగ్ ఉండదు. లోపలికి పీల్చిన గాలిని పదహారు నుంచి ఇరవై రెట్లు చిన్నగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. అంటుకున్న క్షణంలో సిలిండర్‌లో ఒత్తిడి 100 బార్లు దాటుతుంది. లారీ టైరులో కొట్టే గాలి 8 బార్ల దగ్గర ఉంటుందనుకుంటే, దానికి పన్నెండింతల పైమాట. ఆ పక్కనే, సిలిండర్లుండే బ్లాకుకూ దాని మీద మూతలా కూర్చునే హెడ్డుకూ మధ్య గ్యాస్కెట్ అనే పలుచటి రేకు, దానికి అవతల నీళ్ళు పారే దారి. ఆ నీళ్ళ ఒత్తిడి మూత ఆపగలిగినంతే, 1 బారు అటూ ఇటూ. గ్యాస్కెట్ వెంట్రుకంత కాలినా, హెడ్డు వెంట్రుకంత చీలినా ఎటు నుంచి ఎటు తోసుకొస్తుందో వేరే చెప్పక్కర్లేదు. మంట పడిన ప్రతిసారీ ఇంత గ్యాస్ నీళ్ళలోకి. ఆ గ్యాస్ నీళ్ళను మూత దాటించి బాటిల్లోకి నెడుతుంది, బాటిల్ నిండితే దాని పొర్లు పైపు గుండా రోడ్డు మీదికి. ఇంటి ముందు నిలబెట్టిన బండి కింద మీకు చుక్క కనిపించకపోవడానికి కారణం అదే. మీ నీళ్ళు మొగిలి ఘాట్ మలుపుల్లో పోతున్నాయి, తారు మీద పడినవి నిమిషంలో ఆరిపోతున్నాయి.

ఇంజన్ ఆపేశాక లెక్క తిరగబడుతుంది. సిలిండర్‌లో ఒత్తిడి ఏమీ లేదు, నీళ్ళలో ఇంకా ఉంది. అదే సందు గుండా ఇప్పుడు నీళ్ళు సిలిండర్లోకి ఊరతాయి. పొద్దున స్టార్ట్ చేసినప్పుడు వచ్చే తెల్ల పొగ ఆ నీళ్ళే. కూలంట్ (ఇంజన్ చల్లబరిచే నీళ్ళలో కలిపే మందు) కలిపిన నీళ్ళైతే ఆ పొగలో కొంచెం తియ్యటి వాసన కూడా ఉంటుంది.

చదును రోడ్డు మీద ముల్లు ఎందుకు దిగుతుంది? బరువు తగ్గితే తగలబడే డీజిల్ తగ్గుతుంది, గ్యాస్ తోపూ తగ్గుతుంది. చిత్తూరు నుంచి పలమనేరు మూడొందల మీటర్ల పైచిలుకు ఎత్తు. దాణా బస్తాలతో ఎక్కుతున్నారు, టమాటాలతో దిగుతున్నారు. ఎక్కేటప్పుడు కాగుతుంది, దిగేటప్పుడు కాగదు, ఇందులో వింతేమీ లేదు. ఇంకొకటి, మూత ఒత్తిడి ఆపుతున్నంతసేపు నీళ్ళు 118, 120 డిగ్రీల దాకా మరగవు. మూత వదులైతే పలమనేరు ఎత్తులో 98 దగ్గరే మరుగుతాయి. కాబట్టి ఏ పరీక్షకైనా ముందు కొత్త మూత ఒకటి కొనండి, మీ బండికి రాసి ఉన్న ఒత్తిడిదే. బండి మొత్తంలో ఇంత తక్కువ ఖర్చులో ఇంత పని చేసే వస్తువు ఇంకొకటి లేదు.

ఇక మీరు ఇప్పటిదాకా చేయించినవి. పంపు, రేడియేటర్ సంగతి వదిలేయండి, 2 లక్షలు దాటిన బండికి ఎప్పటికైనా చేయాల్సినవే. వాల్వ్ తీయించడం మాత్రం కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. ‘వాల్వ్ తీసేస్తే నీళ్ళు ఫ్రీగా తిరుగుతాయి’ అని మన షెడ్లలో తరతరాలుగా చెప్తున్నారు. పాత ఇంజన్లకు అది సాగింది. ఇప్పటి చాలా ఇంజన్లలో థర్మోస్టాట్‌కు రెండు పనులుంటాయి. 82 డిగ్రీల చుట్టూ మొదలుపెట్టి రేడియేటర్ దారి తెరుస్తుంది, అదే సమయంలో తోకనున్న రెండో బిళ్ళతో బైపాస్ దారి మూస్తుంది. వాల్వే లేకపోతే బైపాస్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది. కాగిన నీళ్ళలో కొంత భాగం రేడియేటర్ గడప తొక్కకుండానే తిరిగి ఇంజన్లోకి పోతుంది. మీకు ఎక్కువైంది అందుకే. కొత్తది వేయించండి. వేసేముందు వంటింట్లో ఒక గిన్నెలో నీళ్ళు పోసి, దారంతో వేలాడదీసి, పొయ్యి వెలిగించి చూడండి. గిన్నె అడుగున బుడగలు పట్టే వేళకు అది నిదానంగా నోరు తెరవాలి, దించి చల్లారిస్తే మూసుకోవాలి. ఇంట్లో వాళ్ళు తిడితే తిడతారు, ఆ గిన్నె ఇక షెడ్డుకు ఇచ్చేయండి.

ఇప్పుడు పరీక్షలు. నేనైతే ఈ వరసలో చేస్తాను.

మొదటిది హోస్ పైపు. దీనికి పైసా ఖర్చు లేదు, కావాల్సింది మీ చెయ్యి. రాత్రంతా ఆగిన బండి మూత తీసి ఉన్న ఒత్తిడి వదిలేయండి. నీళ్ళు మెడ దాకా నింపి మూత బిగించండి. స్టార్ట్ చేసి పై హోస్ పైపును పిడికిట పట్టుకోండి. తువ్వాలు, చొక్కా చేతులు ఫ్యాన్‌కు దూరంగా పెట్టుకోండి, ఇది మరిచిపోవద్దు. మొదట్లో పైపు మెత్తగా, పాల ప్యాకెట్ నొక్కినట్టు ఉంటుంది. నీళ్ళు వేడెక్కి వ్యాకోచించడానికి కొన్ని నిమిషాలు పట్టాలి. అలా కాకుండా ఒకటి రెండు నిమిషాల్లోనే, అరచేతికి పైపు ఇంకా చల్లగా తగులుతుండగానే, గాలి కొట్టిన సైకిల్ ట్యూబులాగా బిగుసుకుందా? వేడి లేకుండా ఒత్తిడి వచ్చింది. యాక్సిలరేటర్ కొంచెం తొక్కితే ఆ బిగువు వేళ్ళ కింద సన్నగా అదురుతుంది కూడా. ఒకసారి ఆ అదురు తెలిశాక మళ్ళీ మరిచిపోరు.

రెండోది బుడగలు. ఇంకో పొద్దున చేయండి, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే. వేడి ఇంజన్ మూత తీయడం మాత్రం ఎన్నడూ వద్దు, గుడ్డ కప్పి తీసినా మొహం కాలిన వాళ్ళను చూశాను. మూత తీసి నిండుగా పోసి, మూత లేకుండానే స్టార్ట్ చేసి మెడలోకి చూడండి. మొదటి రెండు మూడు నిమిషాలు బుడగలు వస్తే కంగారు పడొద్దు, రేడియేటర్ క్లీన్ చేసినప్పుడు చిక్కుకున్న గాలి కావచ్చు. అది కాసేపు వచ్చి ఆగిపోతుంది. ఆగకుండా, సోడా బుడ్డి కొట్టినట్టు సన్నటి బుడగలు ఒకే ధారగా వస్తూ, ఇంజన్ రెయిజ్ చేస్తే పెరుగుతూ ఉంటే అది సిలిండర్ గ్యాస్. ముక్కు దగ్గర పెట్టి చూస్తే కాలిన డీజిల్ వాసన తెలుస్తుంది. ఒక్కోసారి నీళ్ళ మీద మసి పొర తేలుతుంది, వేలు ముంచి తెల్ల గుడ్డకు రాస్తే మరక పడుతుంది.

పెద్ద షెడ్లలో ఒక నీలం రంగు ద్రవం ఉంటుంది. గాజు గొట్టంలో పోసి రేడియేటర్ మెడ మీద పెట్టి, లోపలి గాలిని దాని గుండా పీలుస్తారు. సిలిండర్ గ్యాస్ తగిలితే రంగు మారుతుంది. మంచి పరీక్షే, కానీ డీజిల్‌కు ఒక తిరకాసు ఉంది. ఐడిల్‌లో, అంటే బండి నిలబడి ఇంజన్ ఊరికే ఆడుతున్నప్పుడు, డీజిల్ ఇంజన్ అవసరానికి మించి చాలా గాలి పీలుస్తుంది, పొగలో కార్బన్ డయాక్సైడ్ పలుచగా ఉంటుంది. దాంతో గ్యాస్కెట్ కొద్దిగానే పోయి ఉంటే ద్రవం నీలంగానే ఉండిపోతుంది, ‘గ్యాస్కెట్ బాగుంది’ అని పంపేస్తారు. బరువుతో నాలుగు కిలోమీటర్లు ఎత్తెక్కించి తెచ్చి, పూర్తిగా చల్లారాక ఆ పైన చేరిన గాలిని పరీక్షించమనండి. రంగు మారితే నమ్మండి. మారకపోతే మాత్రం దాన్నొక్కదాన్నే పట్టుకుని గ్యాస్కెట్ బాగుందని తీర్పు చెప్పకండి.

మూడోది ప్రెషర్ పంపు. సైకిల్ పంపులాంటిదే, మీటరుతో ఉంటుంది, మూత స్థానంలో బిగించి 1 బారు దాకా కొడతారు. పావుగంట ముల్లు కదలకూడదు. పడిపోతుంటే ఎక్కడ కారుతుందో వెతకాలి. వాటర్ పంపు కింద సన్న కన్నం, ఇంజన్ వెనుక గేర్‌బాక్స్ దగ్గర దాక్కున్న కోర్ ప్లగ్గులు (బ్లాకు కన్నాలు మూసే రేకు బిళ్ళలు), టర్బోకు పోయే పైపులు, రేడియేటర్ ప్లాస్టిక్ ట్యాంకు అంచులు. కారి ఆరిన చోట తెల్లటి, లేదా మీ కూలంట్ రంగు పొడి పెచ్చు కట్టి ఉంటుంది. క్యాబిన్‌లో ఎడమవైపు కాళ్ళ కింద చాప తడిగా ఉందేమో తడమండి, అక్కడుంటే హీటర్ కోర్, అంటే క్యాబిన్ హీటర్‌కు వేడి నీళ్ళు తిరిగే చిన్న రేడియేటర్. బయట ఎక్కడా కారకుండానే ముల్లు పడిపోతే నీళ్ళు లోపలికి పోతున్నట్టు. అప్పుడు గ్లో ప్లగ్గులు (చల్లటి ఇంజన్ స్టార్ట్ కావడానికి సిలిండర్‌ను వేడి చేసేవి) విప్పి ఇంజన్ తిప్పితే ఏ కన్నంలోంచి నీళ్ళు చిమ్ముతాయో ఆ సిలిండర్ దొంగ. గ్లో ప్లగ్గు కన్నానికి సరిపడే అడాప్టర్ ఉంటే, పిస్టన్ పైకొచ్చి రెండు వాల్వులూ మూసుకున్నప్పుడు పంక్చర్ అంగడి కంప్రెసర్ గాలి పెట్టినా చాలు, రేడియేటర్లో బుడబుడమంటుంది. గాలికి పిస్టన్ కిందికి తోసుకుపోయి ఇంజన్ తిరుగుతుంది, చేతులు బెల్టు దగ్గర లేకుండా చూసుకోమనండి.

మన పాత మేస్త్రీలు ఇంజన్ ఆడుతుండగానే సిలిండర్లోకి డీజిల్ చిమ్మే ఒక్కో ఇంజెక్టర్ పైపు నట్టు వదులుచేసి, బుడగలు ఎప్పుడు తగ్గుతాయో చూసి సిలిండర్ పట్టేవాళ్ళు. మీ ఇంజన్ కామన్ రైల్ (అన్ని ఇంజెక్టర్లకూ ఒకే గొట్టంలోంచి భారీ ఒత్తిడితో డీజిల్ అందే రకం) అయితే ఎవర్నీ ఆ పని చేయనివ్వకండి. ఆ పైపుల్లో ఐడిల్‌లోనే వందల బార్లు, బరువు మీద 1000 బార్లు దాటిన డీజిల్ ఉంటుంది, సన్నగా చిమ్మినా చర్మం చీల్చుకుని లోపలికి దిగుతుంది. స్కానర్ ఉన్న చోట ఒక్కో ఇంజెక్టర్‌ను ఆపి చూడొచ్చు.

ఇన్ని పరీక్షలు ఎందుకు, గ్యాస్కెట్టేనని తెలిసిపోయింది గదా అంటారేమో. నా చెయ్యి ఒకసారి కాలింది కాబట్టే ఇంత చెప్తున్నా. మాకు తిరుపతిలో ఇంజన్ వేడి చూడాలంటే వేరే రోడ్డు అక్కర్లేదు. 1944లో వేసిన మొదటి ఘాట్ ఇప్పుడు కొండ దిగడానికి, తర్వాత వేసింది ఎక్కడానికి. అలిపిరి దాటితే ఎవరి ఇంజన్ ఎంతటిదో తేలిపోతుంది. అట్లా కొండెక్కుతూ కాగుతోందని ఒక ట్యాక్సీ నా దగ్గరికొచ్చింది. నీళ్ళు తాగుతోంది, తెల్ల పొగ, తియ్యటి వాసన, కింద చుక్క లేదు. ఆ వాసన సంగతి మీరు రాయలేదు, మిగతావన్నీ మీ బండి లక్షణాలే. ఎదురుగా సీజన్, డ్రైవరుకు తొందర, నాకు అంతకన్నా తొందర. హెడ్డు దించేశాను. ఫేసింగ్ కొట్టించి, అంటే హెడ్డు అడుగు ముఖం చదును చేయించి, కొత్త గ్యాస్కెట్ వేసి ఇచ్చాను. పదో రోజు మళ్ళీ వచ్చి నిలబడ్డాడు, ఏమీ అనలేదు, బాటిల్ చూపించాడు అంతే. అప్పుడు విప్పి చూస్తే ఈజీఆర్ కూలర్. పొగలో కొంత భాగాన్ని చల్లబరిచి తిరిగి ఇంజన్లోకి పంపే చిన్న డబ్బా అది, దాని చుట్టూ మన నీళ్ళే తిరుగుతాయి. లోపల చీలింది. నీళ్ళు పొగలో కలిసి పోతున్నాయి. దాని పైపు విప్పితే పొడిగా ఉండాల్సిన మసి, కాటుక డబ్బాలో నీళ్ళు పోసినట్టు ముద్దగా ఉంది. ముందే ఆ నాలుగు బోల్టులు విప్పి వేలు పెట్టి ఉంటే సరిపోయేది. హెడ్డు కూలీ ఆయన దగ్గర తీసుకోలేదు లెండి, తీసుకునే మొహం కూడా లేదు.

ఆ ట్యాక్సీకి, మీ బండికి తేడా ఒక్కటే, పొద్దున ‘బుస్’. ఈజీఆర్ కూలర్ దగ్గర పొగ ఒత్తిడి సిలిండర్‌తో పోలిస్తే ఎందుకూ పనికిరాదు, చల్లటి ఇంజన్ ఐడిల్‌లో రెండు నిమిషాలకు పైపును ఉబ్బించలేదు. కాబట్టి హోస్ పైపు బిగుసుకోకుండా నీళ్ళు మాత్రం పోతుంటే మొదట అనుమానించాల్సింది దాన్నే. ఆ కూలర్‌కు పోయే నీళ్ళ పైపులు రెండూ తాత్కాలికంగా ఒకదానికొకటి కలిపి రెండు రోజులు బరువు లేకుండా తిప్పి చూస్తే తేలుతుంది. పరీక్షకే సుమా, అట్లాగే వదిలేయకూడదు. కొన్ని ఇంజన్లలో ఇంజెక్టర్ చుట్టూ రాగి స్లీవులుంటాయి, అవి వదులైనా గ్యాస్ నీళ్ళలోకి వస్తుంది. మీ ఇంజన్‌కు ఉన్నాయేమో అడగండి, ఉంటే హెడ్డు దించకముందే వాటిని చూడాలి.

సరే, అన్నీ చూశారు, గ్యాస్కెట్టో హెడ్డో అని తేలింది. హెడ్డు దించేటప్పుడు మీరు అక్కడే ఉండండి, ఒక పూట బాడుగ పోయినా ఫరవాలేదు. పాత గ్యాస్కెట్‌ను పారేయకుండా వెలుగులో పెట్టి చూడండి. సిలిండర్ చుట్టూ ఉండే రేకు రింగు నుంచి నీళ్ళ కన్నం వైపు నల్లటి మసి దారి గీసినట్టు ఉంటుంది. అలాంటి దారి కనిపించిందంటే రోగం దొరికింది. కనిపించకపోతే హెడ్డు చీలిందేమో చూడాలి. వాల్వులు కూర్చునే సీట్ల మధ్య సన్న చీలికలు వస్తాయి, కంటికి ఆనవు. లేత్ అంగడిలో నీళ్ళ దారులు మూసి, వేడి నీళ్ళ తొట్టిలో ముంచి, గాలి పెట్టి చూస్తారు. ‘ఫేసింగ్ కొట్టి ఇచ్చేయండి’ అని పంపితే ఈ పరీక్ష చేయరు, అడిగి చేయించుకోవాలి. చీలిన హెడ్డుకు ఎంత నున్నగా ఫేసింగ్ కొట్టినా ఏం లాభం?

ఫేసింగ్ కూడా ఎంత తక్కువైతే అంత మంచిది. స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి ఫీలర్ గేజ్‌తో వంకర ఎంతుందో ముందు కొలవమనండి, సాధారణంగా మిల్లీమీటరులో పదో వంతు దగ్గరే హద్దు అయిపోతుంది. మీ ఇంజన్ మాన్యువల్ అంకె ఏదో అదే చెల్లుతుంది. డీజిల్‌లో పిస్టన్ బ్లాకు అంచు దాటి కొద్దిగా పైకొస్తుంది, ఆ ఎత్తు కొలిచి దానికి తగ్గ మందం గ్యాస్కెట్ ఎంచుకోవాలి. గ్యాస్కెట్ అంచున ఉండే గాట్లో, కన్నాలో ఆ మందం గుర్తు. పాతదానికి రెండు గాట్లుంటే కొత్తదానికీ కనీసం అన్నుండాలి, అంగట్లో ఉన్నది తెచ్చి బిగించడం కాదు. బ్లాకు ముఖం కూడా కొలవాలి, లైనర్లు (సిలిండర్ లోపల తొడిగే గొట్టాలు) ఉన్న ఇంజనైతే అవి సమంగా పైకొచ్చి ఉన్నాయో లేదో చూడాలి. హెడ్డు బోల్టులు సాగే రకమైతే కొత్తవి తప్పనిసరి, బిగింపు కొలిచే టార్క్ రెంచ్ లేని చోట ఈ పని ఇవ్వనే వద్దు. ‘చేతి లెక్క తెలుసన్నా’ అనే వాళ్ళ చేతి మీద నాకు గౌరవముంది, కానీ ఇక్కడ కాదు.

‘ఇంజన్ ఫుల్లుగా చేయాలి’ అన్న షెడ్డు మాటకు వద్దాం. దేన్ని చూసి అన్నారు? ఆయిల్ కాల్చుతోందా, నీలం పొగ ఉందా? ఇంజన్ ఆడుతుండగా ఆయిల్ పోసే మూత వదులు చేస్తే ఎగిరెగిరి పడుతోందా? కంప్రెషన్ కొలిచారా? మీ ఉత్తరంలో వీటిలో ఒక్కటీ లేదు. నాలుగు సిలిండర్ల కంప్రెషన్ కొలిస్తే, గ్యాస్కెట్ పోయినది తప్ప మిగతావి దగ్గరదగ్గరగా ఉంటే, సిలిండర్ బోరు జోలికి పోనక్కర్లేదు. హెడ్డు దించినప్పుడు సిలిండర్ గోడ చూస్తే ఎటూ తెలుస్తుంది. కొలత లేకుండా ఫుల్లు చేయాలన్న వాళ్ళకు, అమ్మేసుకో అన్న వాళ్ళకు టీ తాగించి వచ్చేయండి.

అంతదాకా బండి ఎట్లా నడపాలి? నేను చెప్పిన ఆ చిన్న పరీక్షకు తప్ప ఘాట్ మీద బరువుతో నడపొద్దు, అంతే. తప్పనిసరై చదును మీద తిప్పితే పొద్దున స్టార్ట్ చేసేటప్పుడు జాగ్రత్త. సెల్ఫ్ కొడితే ‘టక్’మని ఆగిపోతే, బ్యాటరీ అనుకుని మళ్ళీ మళ్ళీ కొట్టకండి. సిలిండర్‌లో నీళ్ళు నిలిచి ఉండొచ్చు. నీళ్ళు నొక్కుకుపోవు, కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. అప్పుడు నిజంగానే ఇంజనంతా విప్పాలి. గ్లో ప్లగ్గులు తీయించి తిప్పి ఆ నీళ్ళు వదిలించాలి.

దారిలో ముల్లు ఎక్కడం మొదలైతే చిన్న గేరులోకి మారండి. ‘గేరు దించితే ఇంజన్ ఇంకా కాగుతుంది’ అంటారు గానీ, పెద్ద గేరులో గునుస్తూ ఎక్కితేనే పంపూ ఫ్యానూ నెమ్మదిగా తిరిగి నీళ్ళు చల్లారవు. ఏసీ ఉంటే ఆపి, హీటర్ ఫుల్లుగా పెట్టి కిటికీలు దించండి. ఒళ్ళు ఉడుకుతుంది, ఇంజన్ కొంత ఊపిరి పీల్చుకుంటుంది. ముల్లు పైకి పోయి ఉన్నట్టుండి దభీమని కిందికి పడితే ‘హమ్మయ్య చల్లారింది’ అనుకోవద్దు. సెన్సర్ దగ్గర నీళ్ళే లేవని అర్థం. వెంటనే పక్కకు తీసి ఆపేయండి. ముప్పావుగంట ఆగాలి. కాగిన ఇంజన్ మీద చల్లటి నీళ్ళు పోస్తే హెడ్డు చీలుతుంది, అప్పుడు గ్యాస్కెట్‌తో పోయేది హెడ్డు దాకా వస్తుంది.

ఎవరో ఒకరు పసుపు వేయమని చెప్తారు, చెప్పే ఉంటారు. మా మేస్త్రీ కూడా చెప్పేవాడు. రేడియేటర్‌కు సూదిమొనంత కన్నం పడి నడిరోడ్డులో ఉంటే పిడికెడు పసుపు ఇంటికి చేరుస్తుంది, నేనే చేరాను. కానీ 100 బార్ల దగ్గర పసుపు ఏం ఆగుతుంది? హీటర్ కోర్, రేడియేటర్ సన్న గొట్టాల్లో పేరుకుని మీరు డబ్బు పెట్టి చేయించిన క్లీనింగ్ పాడు చేస్తుంది. సీసాల్లో అమ్మే స్టాప్ లీక్ మందులదీ ఇదే కథ.

పనయ్యాక బోరు నీళ్ళు మాత్రం పోయొద్దు. మన వైపు బోరు నీళ్ళు కాచిన గిన్నెలో తెల్లగా పెచ్చు కడుతుంది చూడండి, అదే పెచ్చు హెడ్డు లోపలా కడుతుంది, వేడిని నీళ్ళకు చేరనివ్వదు. సరైన రకం కూలంట్, కలపాలంటే బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ నీళ్ళు, సగం సగం. మనకు గడ్డకట్టే చలి లేకపోయినా తుప్పు, మరుగు ఉన్నాయి గదా. రంగు చూసి కొనకండి, ఒకే పచ్చ రంగులో వేర్వేరు రకాలుంటాయి. నింపాక బండి ముక్కు కొంచెం ఎత్తులో పెట్టి, హీటర్ వేసి, గాలి పూర్తిగా పోయేదాకా ఆడించాలి.

ఇప్పుడే చేయాల్సింది ఒకటుంది. రేపు పొద్దున చల్లటి బండికి నిండుగా పోసి, బాటిల్ మీద మార్కర్‌తో గీత గీసి, తేదీ, కిలోమీటర్లు రాయండి. వారం పాటు ప్రతి పొద్దున చూడండి, ఏ రోజు ఖాళీ బండితో ఘాట్ ఎక్కారో, ఏ రోజు ఎక్కలేదో పక్కన రాసుకోండి. హోస్ పైపు ఎన్ని నిమిషాలకు బిగుసుకుందో కూడా. ఆ కాగితం నాకు పంపండి, హెడ్డు దించే షెడ్డుకూ ఒక కాపీ ఇవ్వండి.